ఎవరి పిడికెడు?

గొంగళిపురుగంటే నాకు చిన్నప్పటి నుంచీ ఒళ్ళు జలదరింపు. తెనాలిలో మా పెరట్లో మునగచెట్టు ఉండేది. వానాకాలం వస్తే దాని మొదలంతా గొంగళిపురుగులే. ఆరేసిన బట్టల మీద ఒక్కటి పాకినా చాలు, వేసుకున్నవాళ్ళకి దద్దుర్లు. నాన్న కర్రకి పాతగుడ్డ చుట్టి, కిరసనాయిల్లో ముంచి, అంటించి వాటిని కాల్చేవారు. అలాంటి నాకు ఒహాయో వచ్చి తల్లినయ్యాక చేతిలో పడిన మొదటి బొమ్మల పుస్తకం గొంగళిపురుగుది. ఎరిక్ కార్ల్ రాసి బొమ్మలు వేసిన 'ది వెరీ హంగ్రీ కాటర్‌పిల్లర్', 1969 నాటిది. లైబ్రరీలో కూర్చుని పేజీ తిప్పుతుంటే మా పాప ఆ పురుగుకి ముద్దు పెట్టింది. నేను చెయ్యి దులుపుకున్నాను.

అప్పటికి పాపకి నాలుగేళ్ళు. ఇంగ్లీషు బొమ్మల పుస్తకాలు ఇంట్లో తెలుగులో చెప్పడం అలవాటు చేసుకున్నాను. సోమవారం ఒక యాపిల్, మంగళవారం రెండు... పియర్స్‌కి తెలుగేంటి? బేరిపండు. మాట తెలుసు కానీ మా ఇంట్లో ఎవరూ అనగా వినలేదు, పియర్స్ అనే చెప్పాను. శుక్రవారానికి అయిదు నారింజలు. శనివారం ఆ పురుగు కనిపించిందల్లా తింటుంది. చాక్లెట్ కేకు, ఐస్‌క్రీము, ఒక పికిల్. అక్కడ పాప వేలు ఆగిపోయింది. "అమ్మా, ఇది పికిల్ కాదు. ఇది దోసకాయ." మా ఇంట్లో పికిల్ అంటే ఎర్రగా, పైన నూనె తేలుతూ ఉండాలి. ఆ రాత్రి పురుగుకి కడుపునొప్పి వచ్చిందని చదివితే పాపకి కారణం వెంటనే తెలిసిపోయింది: "ఆవకాయ వట్టిదే తినేసింది. అన్నంలో కలుపుకోవాలి కదా!"

మర్నాడు చిట్టి ఇడ్లీలు వేసి, పళ్ళెంలో వంకరగా పేర్చి, ముందు ఒక చిన్న టమాటా తలకాయ పెట్టాను. పెద్ద ఘనకార్యం చేశానని ఫోటో కూడా తీసుకున్నాను. పాప ఒక్క ఇడ్లీ ముట్టుకోలేదు. "దాన్ని తింటే సీతాకోకచిలుక ఎలా అవుతుంది?" అని ఏడుపు. చివరికి ఆ పురుగుని నేనూ మా ఆయనా చట్నీతో కానిచ్చాం, అదీ పాప నిద్రపోయాక.

దాంతో నాకు ఒక సంగతి అర్థమైంది. వంట నేను చేసి కథలాగా అలంకరించి ముందు పెడితే అది బొమ్మే, తిండి కాదు. పిల్లల చెయ్యి పడాలి. అప్పటి నుంచి శనివారం పొద్దున ఒక పుస్తకం, దాని వెనకే వంటింట్లో ఒక పని. కొరియన్ పాప ఒకతి వాళ్ళమ్మతో కలిసి బిబింబాప్ అనే కూరగాయల అన్నం చేసే పుస్తకం ఒకటి దొరికింది, వెనక పేజీల్లో చేసే విధానం కూడా ఉంది. అది చేశాం, బాగానే కుదిరింది, క్యారెట్ తరుగు నేల మీదే ఎక్కువ పడింది. అంతకన్నా చెప్పుకోడానికి ఏం లేదు.

తెలుగు పుస్తకాలదే తంటా. ఇండియా వెళ్ళినప్పుడల్లా సికింద్రాబాద్ మంచి పుస్తకం వాళ్ళవీ, చెన్నై తూలికా వాళ్ళ ఇంగ్లీషు-తెలుగు పుస్తకాలూ సూట్‌కేసులో సర్దుకుంటాను. పచ్చడి సీసాలతో కలిపి 23 కిలోలు దాటకుండా చూసుకోవడం వేరే కథ. ప్రథమ్ బుక్స్ వాళ్ళు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ వెబ్‌సైటులో తెలుగు కథలు ఉచితంగా చదువుకోవచ్చు, ప్రింటు కూడా తీసుకోవచ్చు. నేను కొన్ని ఆఫీసులో ప్రింటు తీసి స్టేప్లర్ కొట్టాను, మేనేజరుకి చెప్పకండి. అయితే ఎవరిదని చెప్పను గానీ ఒక పుస్తకంలో నాలుగేళ్ళ పిల్ల "నేను కూడా సహాయం చేయవచ్చునా?" అంటుంది. మన పిల్లలెవరూ అలా అడగరు. "నేనూ చేస్తా" అంటారు, స్టూలు లాక్కుని ఎక్కేస్తారు.

ఆదివారం తెలుగు క్లాసులో మా పాప ఏడాది పాటు అ-అమ్మ, ఆ-ఆవు దిద్దింది. అక్షరాలు వచ్చాయి. ఇంట్లో మాత్రం "అమ్మా, ఐ వాంట్ టు డు పిండి" అనేది. పేర్లన్నీ తెలుగు, పనులన్నీ ఇంగ్లీషు. వంటింట్లో ఆ 'డు' కుదరదు. కొత్తిమీర తుంచాలి, కరివేపాకు దూయాలి, బెల్లం చితక్కొట్టాలి, చింతపండు పిసకాలి, పప్పు ఎనపాలి, పిండి ఒత్తాలి. ఒక్కో పనికీ వేళ్ళు ఒక్కో రకంగా కదులుతాయి. తుంచమంటే పిసికేసిన రోజున కొత్తిమీర ముద్దయింది, ఆ మాట మళ్ళీ మర్చిపోలేదు. పాప తమ్ముడు, మా బుడ్డోడికి మూడేళ్ళు, వాడికి బఠాణీలు వలవడం, బియ్యం కడగడం. కడిగిన నీళ్ళు వంపేటప్పుడు బియ్యం కూడా సింకులోకి వెళ్ళకుండా ఆపడం నా పని. కత్తీ, పొయ్యీ, తిరగమోత పిల్లల జోలికి రావు. తిరగమోత వేసేటప్పుడు అసలు అందరం వెనక్కి జరగాలి, మా పొగ అలారానికి ఎండుమిరపకాయంటే పడదు.

పోయిన వినాయకచవితికి ముందు పుస్తకం ఏదీ దొరకలేదు. అందుకని మా అమ్మమ్మ కథే చెప్పాను. కొత్తల్లుడు అత్తారింటికి వెళ్తాడు. అత్తగారు కుడుములు పెడుతుంది. పేరు మర్చిపోకుండా "కుడుములు కుడుములు" అనుకుంటూ ఇంటికి బయల్దేరతాడు. దారిలో కాలవ గెంతుతూ "అత్తిరి బిత్తిరి" అంటాడు, అంతే, అప్పటి నుంచి అదే జపం. ఇంటికొచ్చి పెళ్ళాన్ని అత్తిరి బిత్తిరి వండమంటాడు. ఆవిడకేం అర్థం కాదు. అతనికి కోపం వచ్చి...

ఇక్కడ ఆగిపోయాను. మా అమ్మమ్మ ఈ చోట చేతులు ఊపుతూ చెప్పేది, మేం పొర్లి పొర్లి నవ్వేవాళ్ళం. అతను పెళ్ళాన్ని కొడతాడు. బుగ్గలు వాచిపోతాయి. పక్కింటావిడ వచ్చి "అయ్యో, కుడుముల్లా వాచాయే!" అంటే, "ఆ, అవే, అవే!" అని గంతులేస్తాడు. ముప్ఫై ఏళ్ళుగా తెలిసిన కథలో అతను కొట్టాడన్న సంగతి నాకు మొదటిసారి వినిపించింది. ఇద్దరూ నా నోటికేసే చూస్తున్నారు. "తర్వాత చెప్తా, ముందు రవ్వ తేండి" అన్నాను.

గ్లాసు బియ్యపు రవ్వకి రెండు గ్లాసుల నీళ్ళు. మా ఊరి ఇండియన్ షాపులో ఇడ్లీ రవ్వ అని అమ్మేదే వాడతాను. నానిన శనగపప్పు, జీలకర్ర, ఉప్పు, చెంచాడు నెయ్యి. నీళ్ళు మరిగాక రవ్వ పోసి, మూతపెట్టి సన్నసెగ మీద మగ్గనివ్వడం. మా ఆయనది కరీంనగర్. వాళ్ళమ్మగారు బియ్యప్పిండిలో బొబ్బర్లు కలిపి చేస్తారు, కాబట్టి నేను చేసేవి కుడుములే కావని ప్రతి ఏడూ ఒకసారి చెప్పాలి ఆయన. చెప్పారు.

శనగపప్పు ఎంత వెయ్యాలని పాప అడిగింది. అమ్మని ఫోన్లో అడిగితే "పిడికెడు" అంది. పాప గిన్నెలో పిడికిలి ముంచి తీసింది. వేళ్ళ సందుల్లోంచి సగం జారిపోయి, పాతిక పప్పులుంటాయేమో. బుడ్డోడు తీస్తే పది. "ఎవరి పిడికెడు అమ్మమ్మా?" అంది పాప. అమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. "ఎవరు చేస్తే వాళ్ళదే తల్లీ" అంది. అలా మా కుడుముల్లో పప్పు వెతుక్కుంటే గానీ తగల్లేదు.

ఉడికిన పిండి చల్లార్చడం దగ్గరే ఓపిక కావాలి. వేడిగా ఉంటే పిల్లల చేతులు కాలతాయి, మరీ చల్లారితే ఉండ పగులుతుంది. గోరువెచ్చగా ఉన్నప్పుడు చెయ్యి తడి చేసుకుని, ఉండ చేసి, అరచేతిలో పెట్టి నొక్కడమే. పాప ఒకటి చేసి, బుగ్గకి ఆనించుకుని అద్దం దగ్గరికి పరిగెత్తింది. తిరిగొచ్చి అడిగింది: "వాళ్ళ బుగ్గ ఎందుకు ఇలా అయింది? మన కథలో?" ఆ ముక్క నేను చెప్పలేదనుకున్నాను, మధ్యలో ఏ మాట జారిందో మరి. నిజం చెప్పేశాను. అమ్మమ్మ కథలో అతను కొడతాడు, నాకు అది నచ్చలేదు అన్నాను.

పాప కుడుము నొక్కుతూనే ఉంది. "తేనెటీగ కుట్టింది అని పెడదాం."

"ఎవర్ని?"

"అతన్నే. ఇంట్లో అరిచాడు కదా."

కుడుములు ఇడ్లీ పాత్రలో ఆవిరి మీద పావుగంట ఉంటాయి. ఆ పావుగంటలో తెల్లకాగితాలు మడిచి పుస్తకం కుట్టాం. ఆరు పేజీలు. కాలవ నీలంగా, అల్లుడి కాళ్ళు గాల్లో. తేనెటీగ అల్లుడంత పెద్దది. చివరి పేజీలో అల్లుడి బుగ్గ పేజీ దాటి పోయింది. కింద తెలుగులో రాయమన్నాను, 'కుడుములు' బదులు 'కుడుమలు' అని రాసింది. దిద్దలేదు.

చవితి సాయంత్రం వీడియో కాల్‌లో అమ్మకి ఆ పుస్తకం చదివి వినిపించింది. అత్తిరి బిత్తిరి దగ్గర అమ్మ కూడా గొంతు కలిపింది. కొట్టే చోటు వచ్చేసరికి నాకు కొంచెం టెన్షనే. పాప తేనెటీగ బొమ్మ కెమెరాకి అడ్డంగా పెట్టింది. అమ్మ కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూసింది.

"మా రోజుల్లో తేనెటీగలకి ఈ తెలివి ఎక్కడేడిచింది" అంది. తర్వాత నాకేసి తిరిగి, "శనగపప్పు ఇంకాస్త వెయ్యాల్సిందే" అంది.