స్నాప్‌షాట్ పూల్ నిండిన రాత్రి

నెలాఖరు బ్యాచ్ నడుస్తుండగా రాత్రి 2 గంటలకు ఫోన్ మోగింది. స్నాప్‌షాట్ పూల్, అంటే డేటా పాత రూపాలను దాచే చోటు, 97 శాతం నిండింది. ల్యాప్‌టాప్ తెరిచేలోపే 99. గుండె ఆగినంత పనైంది.

రోజుకు మారే డేటా సగటు చూసి, వాల్యూమ్‌లో (అసలు డేటా ఉండే స్టోరేజ్ భాగం) 20 శాతం చోటు ఈ పూల్‌కు పెట్టింది నేనే. ఆ రాత్రేమో డేటాబేస్ ఇండెక్సులన్నీ (డేటాను త్వరగా వెతకడానికి వాడే సూచికలు) మళ్లీ కట్టారు. వాల్యూమ్ సైజు ఏమీ పెరగలేదు కానీ, మారిన ప్రతి బ్లాక్ (డేటా ముక్క) పాత కాపీ వచ్చి పూల్‌లో చేరింది. పాత స్నాప్‌షాట్లు రెండు తీసేస్తే గానీ ఊపిరాడలేదు. ఆడిటర్ల కోసం ఉంచినదాన్ని మాత్రం ముట్టుకోలేదు.

ఇప్పుడు సగటు పక్కనపెట్టి, గంటగంటకూ ఎంత రాస్తున్నారో లెక్క తీస్తున్నాను. నెలాఖరుది విడిగా.

వచ్చే వారం డీఆర్ సైట్‌కి (ఇక్కడ ప్రమాదం జరిగితే పని నడిపించడానికి వేరేచోట పెట్టుకున్న సెంటర్) 40 టెరాబైట్ల మొదటి కాపీ. 1 గిగాబిట్ లింకు మొత్తం మాకే ఇచ్చినా దాదాపు 4 రోజులు. నెట్‌వర్క్ వాళ్లతో ఈరోజే మాట్లాడాను.