మామయ్య పాత డీటీపీ సిస్టమ్‌కి విండోస్ అప్‌డేట్ పట్టించిన కథ – నా అనుభవం

మీ ఇంట్లోనో షాపులోనో విండోస్ 7 రోజుల్లో కొన్న సిస్టమ్ ఉండి, తర్వాత దాన్నే విండోస్ 10కి మార్చుకుని వాడుతూ, ఇప్పుడు అప్‌డేట్ పెడితే కాసేపు తిరిగి తిరిగి మళ్లీ మొదటికే వస్తోందా, అయితే ఇది చదవండి, బహుశా మీదీ ఇదే జబ్బు.

సిస్టమ్ నాది కాదు, తెనాలిలో మా మామయ్యది. డీటీపీ, జిరాక్స్, పెళ్లి కార్డులు, ఫ్లెక్సీ డిజైన్లు, ఇదీ ఆయన షాపు. సెకండ్ జనరేషన్ ఐ3, 4 జీబీ ర్యామ్. మొదట విండోస్ 7 ఉండేది, ఫ్రీ అప్‌గ్రేడ్ వచ్చినప్పుడు ఎవరో విండోస్ 10 చేసిచ్చారు, ఆ తర్వాత హార్డ్‌డిస్క్ నీరసించిపోతే ఉన్నది ఉన్నట్టు ఎస్ఎస్‌డీలోకి క్లోన్ చేశారు. ఈ క్లోన్ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. షాపుకి వచ్చే మెకానిక్ అప్‌డేట్లు ఆపేసి వెళ్లాడు, "అప్‌డేట్ పడితే అను పోతుందండీ" అని (అను అంటే తెలుగు డీటీపీకి వాడే ఫాంట్ల సాఫ్ట్‌వేర్). దాంతో మామయ్య సిస్టమ్ 1909 వెర్షన్ దగ్గరే ఆగిపోయింది. ఆ వెర్షన్‌కి హోమ్, ప్రో వాళ్లకి సపోర్ట్ 2021 మేలోనే అయిపోయింది, ఆయన మాత్రం అందులోనే బ్యాంకు పనులూ, కస్టమర్ల పెన్‌డ్రైవ్‌లూ అన్నీ కానిచ్చేస్తున్నారు.

మరి ఇప్పుడెందుకు కదిపారంటే, 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ అయిపోయిందని అందరికీ తెలిసిందే కదా, విండోస్ 11కి వెళ్దామంటే టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ కావాలి, ఇంటెల్ అయితే ఎనిమిదో జనరేషన్ నుంచి ఉండాలి, మామయ్య సిస్టమ్‌కి ఆ రెండూ లేవు. ఇంకో ఏడాది సెక్యూరిటీ అప్‌డేట్లు ఇచ్చే ఈఎస్‌యూ స్కీమ్ ఉంది, 2026 అక్టోబర్ 13 దాకా వస్తాయి, కానీ దానికి విండోస్ 10 ఆఖరి వెర్షన్ 22హెచ్2 మీద ఉంటేనే ఎంట్రీ. 2020లో వచ్చిన 2004 అనే వెర్షన్, ఆ తర్వాతి వెర్షన్ల వాళ్లకి 22హెచ్2 అంటే చిన్న ప్యాకేజీ, పది నిమిషాల పని. 1909 నుంచి వెళ్లాలంటే మాత్రం మొత్తం విండోస్ మళ్లీ దిగినట్టే.

ఫార్మాట్ కొట్టేయొచ్చుగా అంటారేమో. అక్కడే ఉంది కిటుకు. మామయ్య బతుకంతా పేజ్‌మేకర్ 7, అను ఫాంట్లు. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, అదే ఆఖరిది. అను ఫాంట్లు యూనికోడ్ కాదు, ఆ ఫాంట్ లేని సిస్టమ్‌లో ఫైల్ తెరిస్తే తెలుగు ఉండాల్సిన చోట ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా కనిపిస్తాయి. ఇన్నేళ్ల కార్డులూ కరపత్రాలూ అన్నీ అందులోనే, ఇన్‌స్టాల్ చేసిన సీడీ ఎక్కడుందో దేవుడికే తెలియాలి, సీడీ డ్రైవ్ ట్రే అయితే ఎప్పుడో బయటికి రావడం మానేసింది. "అమ్మాయ్, నువ్వేమైనా చేసుకో, నా అను మాత్రం కదలకూడదు" అన్నారు మామయ్య. సో ఫార్మాట్ మాటే లేదు, ఉన్నది ఉన్నట్టు పైకి ఎక్కించాలి, అదీ కార్తీక మాసం పెళ్లి కార్డుల ఆర్డర్లు ఊపందుకోకముందే.

ముందు చిన్న తలనొప్పి. అప్‌డేట్ సర్వీస్ ఆన్ చేసి చెక్ ఫర్ అప్‌డేట్స్ నొక్కితే కనెక్టే అవ్వదు. కింద గడియారం చూస్తే తేదీ ఎక్కడో 2011లో ఉంది. మదర్‌బోర్డు మీది సీఆర్ 2032 బ్యాటరీ చచ్చిపోతే షాపు కట్టేసి మెయిన్ ఆపినప్పుడల్లా తేదీ వెనక్కి పోతుంది, తేదీ తప్పైతే సెక్యూర్ కనెక్షన్ల సర్టిఫికెట్లు ఏవీ ఒప్పుకోవు. మామయ్యేమో రోజూ పొద్దున్నే తేదీ చేత్తో సరిచేసుకుంటూ అదేదో షాపు తెరిచే తంతులో భాగం అనుకుంటున్నారు. వాచీల షాపులో బిళ్ల కొనుక్కొచ్చి వేశాం, ఆ గోల వదిలింది.

అసలు గోల తర్వాత. అప్‌డేట్ డౌన్‌లోడ్ అయ్యేది, ఇన్‌స్టాల్ అని పెట్టేది, అంతా అయ్యాక ఫెయిల్డ్, చివర 0922 అని ఉన్న ఎర్రర్ కోడ్ ఒకటి. నెట్‌లో వెతికితే అందరూ చెప్పే మంత్రాలు నాలుగే. ట్రబుల్‌షూటర్ నడపండి, సర్వీసులు ఆపి సాఫ్ట్‌వేర్‌డిస్ట్రిబ్యూషన్ ఫోల్డర్ పేరు మార్చండి, డిజమ్ రీస్టోర్‌హెల్త్ కొట్టండి, ఎస్ఎఫ్‌సీ స్కాన్‌నౌ కొట్టండి (ఈ చివరి రెండూ విండోస్ ఫైళ్లు చూసి సరిచేసే కమాండ్లు). అన్నీ కొట్టాను. డిజమ్ 62.3 శాతం దగ్గర చాలాసేపు కూర్చుంది, అక్కడ కూర్చోవడం దానికి అలవాటే, కంగారుపడి మూసేయకండి, దానంతటదే కదులుతుంది. అయ్యాక ఎస్ఎఫ్‌సీ ఏ తప్పూ లేదంది. అంటే విండోస్ ఫైళ్లు బానే ఉన్నాయన్నమాట, మరి అప్‌డేట్ ఎందుకు పడదు?

నా అభిప్రాయం ఏంటంటే ఆ కోడ్ పట్టుకుని వెతకడం దండగ, ఒకే కోడ్‌కి పది కారణాలుంటాయి, పది రకాల మందులు చెప్తారు. దానికంటే విండోస్ మొత్తం ఒకే ఫైల్‌గా ఉండే ఐఎస్ఓ దించుకుని దాంట్లోంచి సెటప్ నడిపితే అది కాస్త మనిషి భాషలో మాట్లాడుతుంది. 22హెచ్2 ఐఎస్ఓ అంటే ఐదు జీబీ పైనే, షాపులో నెట్ అంటే ఫోన్ హాట్‌స్పాటే, రోజుకిచ్చే డేటా దానికి ఏ మూలకీ చాలదు, కాబట్టి రాత్రి ఇంట్లో ఫైబర్ మీద దించి పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లాను. సెటప్ మొదలుపెట్టగానే మొహం మీదే చెప్పింది, సిస్టమ్ రిజర్వ్‌డ్ పార్టిషన్‌ని అప్‌డేట్ చేయలేకపోతున్నాం అని. సీ డ్రైవ్‌లో దాగి ఉండే పాంథర్ ఫోల్డర్‌లో సెటప్ లాగ్ తెరిచి కింద నుంచి పైకి చదువుకుంటూ వస్తే అక్కడా అదే ఏడుపు, జాగా చాలట్లేదని. సీ డ్రైవ్‌లో చూస్తే బోలెడు ఖాళీ, అందుకే ఇన్నాళ్లూ ఎవరికీ అనుమానం రాలేదు.

ఈ సిస్టమ్ రిజర్వ్‌డ్ అనేది బూట్ ఫైళ్లుండే చిన్న పార్టిషన్, దానికి డ్రైవ్ లెటర్ ఉండదు కాబట్టి మై కంప్యూటర్‌లో కనిపించదు. విండోస్ 7 దీన్ని 100 ఎంబీతో చేసేది, విండోస్ 8 వచ్చేసరికి 350, విండోస్ 10 కొత్తగా వేస్తే 500 దాకా తీసుకుంటుంది. విండోస్ 7 మీదే విండోస్ 10 ఎక్కించుకున్న వాళ్లకి మాత్రం ఆ పాత 100 ఎంబీయే మిగులుతుంది. హార్డ్‌డిస్క్ మార్చి ఎస్ఎస్‌డీ వేసినా క్లోన్ చేస్తే అదే 100 ఎంబీ మక్కీకి మక్కీ కొత్త డిస్క్‌లోకి వచ్చేస్తుంది, అందుకే క్లోన్ సంగతి గుర్తుపెట్టుకోమన్నాను. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో చూస్తే ఎడమ చివర ఇరుకుగా నక్కి ఉంది, ఫ్రీ స్పేస్ దాదాపు నిల్లు.

ఇక్కడ రెండు దారులు. పార్టిషన్ సాఫ్ట్‌వేర్ ఏదైనా తెచ్చి సీ డ్రైవ్‌ని పక్కకి జరిపి దీన్ని పెద్దది చేయడం ఒకటి, ఉన్న 100లోనే చెత్త తీసేయడం ఇంకోటి. నేను రెండోదే ఎంచుకున్నాను, ఎందుకంటే సీ డ్రైవ్ మొదలు జరపడం అంటే లోపలి డేటా అంతా జరగాలి, మధ్యలో కరెంటు పోయిందంటే అంతే సంగతులు, షాపులో యూపీఎస్ ఎలాంటిదంటే ఫ్యాన్ ఆగేలోపే అదీ ఆగిపోతుంది. ఏది చేసినా ముందు మొత్తం డిస్క్ ఇమేజ్ ఒకటి ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లోకి తీసుకోండి, బూటబుల్ పెన్‌డ్రైవ్ ఒకటి రెడీగా పెట్టుకోండి, మనం చెయ్యి పెడుతున్నది సరిగ్గా సిస్టమ్ బూట్ అయ్యే చోట. పక్క షాపాయన యూపీఎస్ ఆ పూటకి అరువు తెచ్చుకున్నాం.

డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఆ పార్టిషన్‌కి వై అని లెటర్ ఇచ్చి, అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో టేక్‌ఓన్‌తో ఓనర్‌షిప్ తీసుకుని, ఐక్యాకల్స్‌తో పర్మిషన్ ఇచ్చుకుని లోపలికెళ్లాను. మామయ్యది పాత బయోస్, ఎంబీఆర్ డిస్క్ కాబట్టి ఇలా, బయోస్ బదులు కొత్త రకం యూఈఎఫ్ఐ ఉన్న సిస్టమ్ అయితే పార్టిషన్ వేరు, దారి వేరు, ముందు అది చూసుకోండి. బూట్ ఫోల్డర్‌లో ఫాంట్స్ అని ఫోల్డర్ ఉంటుంది. అందులో ఏమున్నాయో చూస్తే నవ్వాగలేదు. చైనీస్ రెండు రకాలు, జపనీస్, కొరియన్. ఒక్కోటి దాదాపు రెండు నుంచి నాలుగు ఎంబీ, నాలుగూ కలిపి పది ఎంబీ దాటేశాయి. సిస్టమ్ బూట్ అయ్యేటప్పుడు ఆ భాషల్లో మెసేజ్ చూపించడానికి పెట్టినవి. తెనాలిలో తెలుగు డీటీపీ షాపు, అప్‌డేట్‌కి అడ్డం పడింది కొరియన్ ఫాంటు! మామయ్యకి చూపిస్తే "ఇవి నేనెప్పుడు ఎక్కించానే" అన్నారు. ఇంగ్లీషులోనే బూట్ అవుతున్నంతవరకు వీటితో పనిలేదు, ఎగరగొట్టేశాను. పక్కనే బల్గేరియన్, చెక్, డేనిష్ అంటూ వరసగా భాషల ఫోల్డర్లు, యూఎస్ ఇంగ్లీష్ ఒక్కటి ఉంచి మిగతావీ తీసేశాను, వాటి సైజు పెద్దగా ఏం లేదు గానీ. తెలుగు ఫోల్డర్ లేదు లెండి అందులో. బూట్ ఫోల్డర్ బయట ఉండే బూట్‌ఎంజీఆర్, లోపలుండే బీసీడీ, ఈ రెంటి జోలికి మాత్రం పొరపాటున కూడా వెళ్లకండి.

ఇంత తీసినా నేననుకున్నంత ఖాళీ రాలేదు. కనిపించే ఫైళ్లన్నీ కూడితే వచ్చే లెక్కకీ, పార్టిషన్‌లో నిండిందని చూపించే లెక్కకీ పొంతనే లేదు. ఆ తేడా యూఎస్ఎన్ జర్నల్‌ది. ఫైళ్లలో ఏ మార్పు జరిగినా రాసిపెట్టుకునే చిట్టా అది, మామూలుగా కంటికి కనపడదు, పెద్ద డ్రైవ్‌లో అయితే దాని సైజు లెక్కలోకే రాదు, 100 ఎంబీలో ముప్పై చిల్లర అదే కూర్చుంటే ఇంకేం మిగులుతుంది. బ్యాకప్ సాఫ్ట్‌వేర్లూ కొన్ని యాంటీవైరస్‌లూ ఆ పార్టిషన్ మీద కూడా జర్నల్ మొదలుపెడతాయి, మీరు వాటిని తీసేసినా జర్నల్ మిగిలే ఉంటుంది. ఎఫ్ఎస్‌యుటిల్‌లో యుఎస్ఎన్ డిలీట్‌జర్నల్ అని కమాండ్ ఉంది, స్లాష్ డి పెట్టి వై డ్రైవ్ మీద నడిపాను. అంతే, ప్రాపర్టీస్‌లో నీలం గీత సర్రున వెనక్కి తగ్గింది. నన్నడిగితే సగం రోగం ఇదే, ఫాంట్లు తీసేయమని చాలామంది చెప్తారు గానీ దీని ఊసు తక్కువమంది ఎత్తుతారు.

వై లెటర్ తీసేసి, రీస్టార్ట్ కొట్టి మామూలుగా బూట్ అవుతోందని చూసుకున్నాకే సెటప్ మళ్లీ మొదలుపెట్టాను. గడువైపోయిన యాంటీవైరస్ అన్‌ఇన్‌స్టాల్ చేసి, ప్రింటర్ కేబుల్, డాంగిల్, పెన్‌డ్రైవ్‌లు అన్నీ పీకేసి, ఐఎస్ఓని డిస్క్‌లోకి కాపీ చేసుకుని అక్కడి నుంచే నడిపాను. ఒక్క చోట జాగ్రత్త, ఫైళ్లూ యాప్‌లూ రెండూ ఉంచు అనే ఆప్షన్ టిక్ అయి ఉండాలి, అది బూడిద రంగులో నొక్కడానికి రాకుండా ఉంటే అక్కడే ఆపేయండి, మీరు తెచ్చిన ఐఎస్ఓ భాషో ఎడిషనో మీ సిస్టమ్‌తో కలవట్లేదని అర్థం. ఈసారి పార్టిషన్ మాట ఎత్తకుండా దాటిపోయింది. తర్వాత శాతాలు ఎక్కుతుంటే చూస్తూ కూర్చోవడమే, మామయ్య రెండు సార్లు టీ తెప్పించారు, మధ్యలో జిరాక్స్‌కి వచ్చినవాళ్లందరికీ సిస్టమ్‌కి ఆపరేషన్ జరుగుతోందని చెప్తున్నారు.

లేచాక ఆయన ముందు తెరిచింది అను. పాత పెళ్లి కార్డు ఒకటి తెరిచి, ఒత్తులన్నీ సరిగ్గా ఉన్నాయా అని అద్దాలు పెట్టుకుని "శ్రీరస్తు శుభమస్తు" నుంచి కింద "బంధుమిత్రుల అభినందనలతో" దాకా చదివారు. అన్నీ ఉన్నాయి. ప్రింటర్ ఒక్కటి మొరాయించింది, పాత డ్రైవర్ తీసేసి మళ్లీ వేస్తే సర్దుకుంది. పాత విండోస్‌కి వెనక్కి వెళ్లే వీలు పది రోజులే ఉంటుంది కాబట్టి ఆ పది రోజుల్లో ఆయన వాడే ప్రతి సాఫ్ట్‌వేరూ ఒకసారి తెరిచి చూడమన్నాను, ఆ తర్వాతే విండోస్ డాట్ ఓల్డ్ తీసేశాం.

ఈఎస్‌యూ కోసం మిగతా నెలవారీ అప్‌డేట్లన్నీ పడనిచ్చాక అప్‌డేట్ పేజీలోనే ఎన్‌రోల్ లింక్ కనిపించింది. షాపు సిస్టమ్‌లో ఉన్నది లోకల్ అకౌంట్, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సైన్ ఇన్ అయ్యి సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే డబ్బులేం అడగలేదు. పాస్‌వర్డ్ మామయ్య డైరీలో రాయించాను, ఫోన్‌లో సేవ్ చేస్తే ఫోన్ మార్చినప్పుడు మళ్లీ నాకే కాల్ వస్తుంది.

2026 అక్టోబర్ 13 దాటాక దీనికి నెట్ కట్ చేసి పేజ్‌మేకర్‌కీ ప్రింటింగ్‌కీ మాత్రమే ఉంచుదామని అనుకున్నాం, ఆయన కూడా సరేనన్నారు. బ్యాంకు పనులకీ వాట్సాప్ వెబ్‌కీ ఒక సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ చూడమన్నారు, ఎవరో ఆరో జనరేషన్‌ది చవగ్గా ఇస్తానంటున్నాడట, ఎనిమిది కంటే తక్కువైతే వద్దు మామయ్యా అని చెప్పాను.