పదకొండో చుక్క

మంగళవారం, రాత్రి పదకొండున్నర.

పొద్దున ఉప్మా తిని లాప్‌టాప్ ముందు కూర్చున్నదాన్ని మధ్యాహ్నం రెండు దాకా లేవలేదు. పనేమో ఒక్కటే: పెసర కుండీల లెక్కలకు బొమ్మ గీయాలి. రెండు రకాల పెసర, మూడు మోతాదుల ఉప్పునీరు, ఒక్కోదానికి పది కుండీలు. "కడ్డీల బొమ్మ వద్దమ్మా, బాక్స్‌ప్లాట్ గీసి దాని మీద చుక్కలు పెట్టు" అన్నారు మేడమ్ మొన్న. బాక్స్‌ప్లాట్ అంటే కొలతల్లో మధ్య సగాన్ని పెట్టెగా, నట్టనడిమి విలువని (మీడియన్) అందులో గీతగా చూపే బొమ్మ; ఒక్కో చుక్క ఒక్కో కొలత.

సొంత డేటా జోలికి పోకుండా ముందు 'ఆర్' (లెక్కలకీ బొమ్మలకీ వాడే సాఫ్ట్‌వేర్)లోనే నమూనాగా ఉండే టూత్‌గ్రోత్ అనే డేటా మీద చెయ్యి తిప్పుకున్నా. 60 గినీ పందులు, వాటి పళ్ళ పెరుగుదల కొలతలు. విటమిన్ సి కొన్నిటికి నారింజ రసంగా, కొన్నిటికి విడిగా, రోజుకి 0.5, 1, 2 మిల్లీగ్రాముల చొప్పున. గుంపుకి పదేసి. అచ్చు నా కుండీల లెక్కే!

మొదటిసారి మూడు జతలు రావాల్సిన చోట రెండే లావుపాటి పెట్టెలొచ్చాయి. మోతాదుని అంకెగానే వదిలేశాను మరి. ఫ్యాక్టర్‌గా, అంటే విడివిడి గుంపుల పేర్లుగా, మార్చాక దారికొచ్చింది. తర్వాత చుక్కలు. చుక్కలు ఒకదాని మీద ఒకటి పడకుండా కాస్త జరిపే మామూలు జిట్టర్ పెడితే రెండు గుంపుల చుక్కలూ జత మధ్యలో కలిసిపోయాయి. పైగా అది చుక్కల్ని పక్కలకే కాదు, పైకీ కిందికీ కూడా కాస్త జరుపుతుంది. కొలిచిన విలువని జరిపితే ఎలా? గుంపుల్ని పక్కపక్కకి విడదీసే జిట్టర్‌డాడ్జ్ వాడి, వెడల్పు 0.75 ఇస్తే ఎవరి చుక్కలు వాళ్ళ పెట్టె మీద కూర్చున్నాయి.

అయినా ఏదో తేడా. విడి విటమిన్, 1 మిల్లీగ్రాము దగ్గర లెక్కపెడితే పదకొండు చుక్కలు! ఉన్నవి పదే కదా. 22.5 దగ్గరున్న జంతువుని బాక్స్‌ప్లాట్ అవుట్‌లయర్‌గా (మిగతావాటికి దూరంగా పడ్డ విలువగా) ఒకసారి, నా చుక్కల పొర ఇంకోసారి గీశాయి. అవుట్‌లయర్ షేప్‌కి ఎన్ఏ (అంటే ఏమీ గీయొద్దని) ఇచ్చేదాకా ఆ దెయ్యం పోలేదు. ఇంకో ముచ్చట: 2 మిల్లీగ్రాముల దగ్గర రెండు పెట్టెల మీడియన్ గీతలూ 25.95 దగ్గరే. చుక్కలు చూస్తే మాత్రం రసం తాగినవి దగ్గరదగ్గరగా, విడి విటమిన్‌వి 18.5 నుంచి 33.9 దాకా చెల్లాచెదురుగా ఉన్నాయి.

సాయంత్రం నా డేటా పెట్టా. ఎక్కువ ఉప్పులో రెండో రకం పెట్టె చిన్నగా, ముచ్చటగా వచ్చింది. ఉప్పుకి భలే తట్టుకుందే అని మురిసిపోయా. చుక్కల పొర వెయ్యగానే అక్కడ నాలుగే ఉన్నాయి. మిగతా ఆరు కుండీలు మూడో వారంలోనే ఎండిపోయాయి. ఖాళీ గడులుగా వదిలింది నేనే, మర్చిపోయిందీ నేనే. ఆరు వరసలు తీసేశానని ఎర్రక్షరాల్లో 'ఆర్' చెబుతూనే ఉంది, నేనే చూడలేదు.

బొమ్మ మేడమ్‌కి పంపాను. "ఆ ఆరూ ఏవమ్మా?" అని ఒక్క మాటే జవాబొచ్చింది. పెట్టెల కింద 10, 10, 10, 10, 10, 4 అని వేసి మళ్ళీ పంపి, ఇప్పుడే అన్నం తిన్నా. పప్పు చల్లారిపోయింది.