చీకటితో ముగిసే కీర్తన

ఏడుపుతో మొదలయ్యే కీర్తనలు బైబిల్లో చాలానే ఉన్నాయి. ఎక్కువ భాగం చివరికొచ్చేసరికి స్తుతిలోకి తిరుగుతాయి. 88వ కీర్తన తిరగదు. దాన్ని రాసిన ఎజ్రాహీయుడైన హేమాను రాత్రీ పగలూ మొరపెడతాడు. తన ప్రాణం ఆపదలతో నిండిపోయిందంటాడు. చివరికి 18వ వచనంలో, స్నేహితులు దూరమయ్యారు, ఇక చీకటే నా బంధువర్గం అని ఆగిపోతాడు. ఆ తర్వాత హల్లెలూయా లేదు.

పైగా ఇది ఎవరో ఒక మూలన కూర్చుని చదువుకోవడానికి రాసింది కాదు. ప్రధానగాయకునికి అని పైనే ఉంది. అంటే ఆ రోజు సంతోషంగా ఉన్నవాళ్లు కూడా ఈ మాటలు నోరారా పాడాలి. దేవుడు ఈ కీర్తనను తన గ్రంథంలో ఉండనిచ్చాడు చూడండి, అదే నాకు గొప్ప ఓదార్పు.

మన సంఘాల్లో సాక్ష్యమంటే బాగైనవాళ్లే చెప్పాలి. ఇంకా బాగవ్వని మనిషికి మైకు ఇవ్వం. నిద్ర పట్టడం లేదు, అన్నం సయించడం లేదు అని ఏ చెల్లెలైనా చెబితే, విశ్వాసం తగ్గింది, ఇంకా గట్టిగా ప్రార్థించమ్మా అనేస్తాం. ఆమె గట్టిగానే ప్రార్థిస్తోంది. హేమానూ అంతే కదా, ఆ కీర్తన మొత్తం ప్రార్థనే. డిప్రెషన్ అనేది ఒక జబ్బు. దానికి డాక్టర్ కావాలి, మందు కావాలి, పక్కన మనిషీ కావాలి.

ఇక్కడ ఉపవాస కూటాల గురించి ఒక మాట చెప్పాలి. బైపోలార్ జబ్బు, అంటే కొన్నాళ్లు పట్టలేని హుషారు, కొన్నాళ్లు తీవ్రమైన దిగులు ఉండే జబ్బు, ఉన్న చాలామందికి లిథియం మాత్రలు ఇస్తారు. నీళ్లు కూడా ముట్టకుండా ఉపవాసం ఉంటే ఒంట్లో నీరు తగ్గి, రక్తంలో లిథియం పెరిగిపోవచ్చు. చేతులు వణుకుతాయి, వాంతులవుతాయి, మనిషి తూలిపోతాడు. దాన్ని చూసి దురాత్మ అనుకుని ఇంకో రోజు ఉపవాసం పొడిగిస్తే ప్రాణం మీదికొస్తుంది. డిప్రెషన్ మాత్రలు పనిచేయడానికీ కొన్ని వారాలు పడుతుంది. ప్రార్థన చేశాం కదా, ఇక మాత్రలెందుకు అనే మాట దైవసేవకుల నోటి నుంచి ఎప్పుడూ రాకూడదు.

మనవాళ్లు ఎంతోమంది వైద్యానికి వెళ్లే వేలూరు సీఎంసీలో (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో) మానసిక ఆరోగ్య కేంద్రం 1957లో మొదలైంది. రోగితో పాటు ఇంటివాళ్లూ అక్కడే ఉండి, జబ్బేమిటో, ఎలా చూసుకోవాలో నేర్చుకునే పద్ధతిని నిలబెట్టిన చోటు అది. ఆ ఆసుపత్రిలో డాక్టర్లతో పాటు చాప్లెయిన్లు, అంటే రోగుల పక్కన ఉండి ప్రార్థించే దైవసేవకులు, కూడా ఉంటారు. స్నేహితులు దూరమయ్యారన్న హేమాను బాధకు ఇంతకంటే మంచి జవాబు నాకు కనిపించలేదు.

పాస్టర్ గారు వైద్యం చేయనక్కర్లేదు. ఓపీలో పక్కన కూర్చోవచ్చు. మాత్ర వేసుకున్నావా తమ్ముడూ అని అడగవచ్చు. కలిసి ఈ 88వ కీర్తనే చదవవచ్చు, 89లోని కృపను గురించిన పాటకు వెంటనే తొందరపెట్టకుండా.

బతకాలని లేదు అనే మాట ఎవరి నోటైనా వింటే ఆ రాత్రి వాళ్లను ఒంటరిగా వదలకండి. ఇంట్లో పురుగుమందు ఉంటే బయటికి తీయించండి. మానసిక బాధలో ఉన్నవాళ్ల కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళప్పుడైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఫోన్ మీరే కలిపి చేతికివ్వండి. మాట్లాడటం అయ్యేదాకా పక్కనే ఉండండి, తెల్లారగానే డాక్టర్ దగ్గరికి మీరే వెంటబెట్టుకుని వెళ్లండి.