నన్ను మ్యాచ్ నుంచి పంపేసిన ఆదివారం

అక్టోబర్‌లో ఒక ఆదివారం. పొద్దున తొమ్మిదికి మొదలైన పిస్టల్ షూటింగ్ మ్యాచ్ నాకు పదకొండు కాకముందే అయిపోయింది. మిగతా వాళ్ళకి మధ్యాహ్నం రెండు దాకా నడిచింది. నన్ను డీక్యూ చేశారు, అంటే డిస్‌క్వాలిఫై. అంతకుముందు రెండు స్టేజీల్లో కొట్టిన స్కోరు లెక్కలోకి రాలేదు. కట్టిన పాతిక డాలర్లు వెనక్కి రాలేదు. మా తెనాలి స్నేహితుల వాట్సాప్ గ్రూపులో ఈ సంగతి పెడితే ఒకడు "ఎవర్నైనా కాల్చావా ఏంట్రా?" అని అడిగాడు. వాడికి ఫోన్ చేసి చెప్పడం మొదలుపెట్టి, సగంలో వదిలేశాను. అదే ఇక్కడ రాస్తున్నాను.

నేనుండేది డాలస్‌కి ఉత్తరాన. వారమంతా డేటాబేస్‌ల పని. నెలకో ఆదివారం యూఎస్‌పీఎస్‌ఏ అనే ఇక్కడి షూటింగ్ సంస్థ పద్ధతిలో పిస్టల్ మ్యాచ్. షూటింగ్ అనగానే మా నాన్నకి 2008 బీజింగ్‌లో అభినవ్ బింద్రా గుర్తొస్తాడు. కదలకుండా నిలబడి, ఊపిరి బిగబట్టి, పది మీటర్ల అవతల ఉన్న చుక్కని కొట్టడం. మాది అలా కాదు, పరుగుల ఆట. మట్టికట్టల మధ్య ఖాళీలో వలగోడలు, కిటికీలు, పీపాలు పెట్టి ఒక సెట్టింగ్ వేస్తారు. దాన్ని స్టేజ్ అంటారు. అట్ట టార్గెట్లు కొన్ని గోడల వెనక ఉంటాయి, కొన్ని కనిపిస్తూనే ఉంటాయి. తగిలితే పడిపోయే ఇనపరేకులూ ఉంటాయి. బీప్ మోగాక ఎక్కణ్ణుంచి దేన్ని కొడతావో నీ ఇష్టం. ఒక స్టేజ్‌కి ఎక్కువలో ఎక్కువ 32 రౌండ్లు, అంటే తూటాలు, అవసరమయ్యేలా కడతారు.

గెలుపోటములన్నీ ఒక్క భాగహారంలో తేలిపోతాయి. వచ్చిన పాయింట్లని పట్టిన సెకన్లతో భాగిస్తే హిట్ ఫ్యాక్టర్. నేను వాడే తూటాలకి టార్గెట్ మధ్యలో 'ఏ' జోన్‌కి 5, దాని పక్కన 'సి'కి 3, అంచున 'డి'కి 1. అసలు తగలకపోతే ఆ అయిదూ రాకపోగా ఇంకో పది పోతాయి. మొదటి మ్యాచ్‌లో ఎనిమిది టార్గెట్లకి రెండేసి రౌండ్ల స్టేజ్‌లో నాకు 80కి 76 వచ్చాయి. పొంగిపోయాను. పట్టిన టైమ్ 25 సెకన్లు, అంటే హిట్ ఫ్యాక్టర్ 3.04. నా తర్వాత పద్నాలుగేళ్ళ పిల్ల 70 పాయింట్లే కొట్టి 11.2 సెకన్లలో ముగించింది. 6.25! నాకు రెట్టింపు పైన. పేపర్ బాగా రాశానని మురిసిపోయి, రిజల్ట్ చూశాక నోరు మూసుకున్న ఇంటర్ రోజులు గుర్తొచ్చాయి.

ఈ ఆటకి ప్రపంచ సంస్థ ఐపీఎస్‌సీ. 1976లో మిస్సోరి రాష్ట్రంలోని కొలంబియాలో పుట్టింది, మొదటి అధ్యక్షుడు జెఫ్ కూపర్. అమెరికాలో ఈ ఆట నడిపే యూఎస్‌పీఎస్‌ఏ 1984లో వచ్చింది. గురి, బలం, వేగం అని అర్థమొచ్చే మూడు లాటిన్ మాటలు వీళ్ళ నినాదం. బలాన్ని కూడా కొలుస్తారు. తూటా బరువుని గ్రెయిన్లు అనే చిన్న తూకంలో, వేగాన్ని సెకనుకి అడుగుల్లో తీసుకుని రెండూ గుణించి వెయ్యితో భాగిస్తే పవర్ ఫ్యాక్టర్. నా 124 గ్రెయిన్ల 9 ఎంఎం తూటా 1,080 అడుగుల వేగంతో వెళ్తే 133.9. కనీసం 125 ఉండాలి. పెద్ద మ్యాచ్‌ల్లో మన తూటాలు తీసుకెళ్ళి యంత్రం మీద కొలిచి చూస్తారు. 125 కంటే తగ్గితే మ్యాచ్ అంతా కాల్చుకోవచ్చు గానీ స్కోరు సున్నా.

ఇక్కడున్న మనవాళ్ళకి ఒక మాట. హెచ్-1బీ లాంటి నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటా గానీ కలిగి ఉండకూడదని ఫెడరల్ చట్టం. వేట లైసెన్స్ ఉన్నవాళ్ళ లాంటి కొన్ని మినహాయింపులున్నాయి. షూటింగ్ రేంజ్‌లో అద్దె తుపాకీ గంటసేపు పట్టుకున్నా కలిగి ఉన్నట్టే. వీకెండ్ ట్రిప్‌లో చేతుల్లో గన్‌లతో దిగిన ఫోటోలు ఫేస్‌బుక్‌లో చూసినప్పుడల్లా నాకు గుండె గుభేలుమంటుంది. నేను గ్రీన్ కార్డు వచ్చాకే రేంజ్ గడప తొక్కాను. అప్పటికి నలభై రెండు నిండాయి. కళ్ళజోడు నంబరు మారింది, పిస్టల్ చివరన గురి చూసుకోవడానికి ఉండే సైట్ మసకగా కనిపిస్తోంది. అందుకే క్యారీ ఆప్టిక్స్ అనే విభాగంలో చేరాను. పిస్టల్ మీద చిన్న అద్దం, అందులో ఎర్రచుక్క. ఆ చుక్క ఎక్కడుంటే తూటా అక్కడికి. నా వయసుకి అది దేవుడిచ్చిన వరం.

సామాను విషయంలో నేను తగలేసిన డబ్బు చెప్తే మా ఆవిడ చదువుతుందేమోనని భయం. అయినా చెప్తాను. మొదట తొడకి పట్టీలతో కట్టుకునే హోల్‌స్టర్, అంటే పిస్టల్ పెట్టుకునే ఒర, కొన్నాను, సినిమాలో కమాండోలా ఉంటుందని. మ్యాచ్‌లో అది కుదరదు. తొడకి కట్టేదీ, చంక కింద వేలాడేదీ రెండూ నిషేధం. రెండోది మెత్తటి నైలాన్‌ది. పిస్టల్ బయటికి తీయగానే దాని నోరు మూసుకుపోయేది, ఎడమచేత్తో తెరిచి పెట్టి లోపలికి దోపాలి. అంటే గొట్టం ముందు నా వేళ్ళు! ఒక పెద్దాయన అది చూసి ఏమీ అనకుండా తన బ్యాగ్‌లోంచి పాత కైడెక్స్ హోల్‌స్టర్ తీసి ఇచ్చాడు. గట్టి ప్లాస్టిక్, ట్రిగ్గర్ మొత్తం కప్పేస్తుంది, ఖాళీగా ఉన్నా నోరు తెరుచుకునే ఉంటుంది. దాన్నే ఇప్పటికీ వాడుతున్నాను. తర్వాత బెల్టు. ఆఫీసు బెల్టుకి తగిలిస్తే పిస్టల్ లాగినప్పుడల్లా హోల్‌స్టర్ కూడా పైకి లేచొచ్చేది. దీనికి రెండు పొరల బెల్టు ఉంటుంది. లోపలిది ప్యాంటు లూపుల్లోంచి వెళ్తుంది, సామాను తగిలించిన బయటిది దానికి వెల్‌క్రోతో అతుక్కుంటుంది. కొత్తగా వచ్చేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే, పిస్టల్ మీద పెట్టే డబ్బులో కొంత మిగుల్చుకుని ముందు హోల్‌స్టర్, బెల్టు సరైనవి కొనండి.

చెవుల్లో ఫోమ్ బిళ్ళలు, వాటి మీద మఫ్‌లు. కళ్ళకి అద్దాలు, అవి చూడ్డానికొచ్చిన వాళ్ళకి కూడా తప్పవు. వీటిలో బేరాల్లేవు.

సబ్బు గురించి మాత్రం ఎవరూ ముందు చెప్పలేదు. మూడో మ్యాచ్‌కి డబ్బాలో పులిహోర తీసుకెళ్ళాను. స్టేజ్ అయ్యాక చెట్టు కింద కూర్చుని చేత్తో కలుపుకోబోతుంటే మా స్క్వాడ్‌లో, అంటే కలిసి తిరిగే మా గుంపులో, నర్సు పని చేసే ఆవిడ పరిగెత్తుకొచ్చింది. ప్రైమర్ (తూటా అడుగున నిప్పు పుట్టించే మందు) పొగలో సీసం ఉంటుంది, ఖాళీ తూటా తొడుగులు ఏరినా, మ్యాగజైన్లు (పిస్టల్‌లోకి దోపే తూటాల డబ్బాలు) నింపినా వేళ్ళకి అంటుతుంది, ఆ చేత్తో తింటావా అని నాలుగు చీవాట్లు పెట్టింది. మిగతా వాళ్ళు శాండ్‌విచ్ కాగితంతో పట్టుకుని తింటున్నారు. పులిహోరకి ఆ సౌకర్యం లేదు. ఇప్పుడు సీసం వదిలించే సబ్బు, నీళ్ళ క్యాను కారులో ఉంటాయి. బూట్లు గుమ్మం బయట విప్పమని మాత్రం నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇక రూల్స్. మా రేంజ్ 'కోల్డ్ రేంజ్'. రేంజ్ ఆఫీసర్ చెప్పేదాకా ఎవరి తుపాకీలోనూ తూటా ఉండకూడదు, తుపాకీని సంచిలోంచో హోల్‌స్టర్‌లోంచో తీయనూ కూడదు. తీయాలంటే పక్కన సేఫ్టీ ఏరియా అని ఒక బల్ల ఉంటుంది, అక్కడ తుపాకీ ముట్టుకోవచ్చు గానీ తూటా ముట్టుకోకూడదు. డమ్మీ తూటా అయినా సరే. నీ వంతు వచ్చాక ఆఫీసర్ "మేక్ రెడీ" అంటే అప్పుడు లోడ్ చేయాలి. "ఆర్ యూ రెడీ?" అంటే జవాబు చెప్పక్కర్లేదు, మౌనం అంగీకారమే. తర్వాత "స్టాండ్ బై", ఆపైన బీప్. అయిపోయాక ఖాళీ చేసి చూపించాలి, టార్గెట్ల వైపు గురిపెట్టి ట్రిగ్గర్ నొక్కి, హోల్‌స్టర్‌లో పెట్టాలి. ఆయన "రేంజ్ ఈజ్ క్లియర్" అనేదాకా ఎవరూ ముందుకి కదలరు. అన్నాక అందరూ టార్గెట్ల దగ్గరికి వెళ్ళి బెజ్జాలకి స్టిక్కర్లు అంటిస్తారు. పద్నాలుగేళ్ళ పిల్ల అయినా, కంపెనీ డైరెక్టర్ అయినా స్టిక్కర్లు అంటించాల్సిందే.

డీక్యూకి దారులు చాలా ఉన్నాయి. పరిగెత్తేటప్పుడూ రీలోడ్ చేసేటప్పుడూ వేలు ట్రిగ్గర్ గార్డ్, అంటే ట్రిగ్గర్ చుట్టూ ఉండే కమ్మీ, లోపల ఉండటం. స్టేజ్ మధ్యలో పిస్టల్ జారిపోవడం. ఇనపరేకుని 23 అడుగుల కంటే దగ్గర్నుంచి కొట్టడం. నాది వీటిలో ఏదీ కాదు, నాది 180 డిగ్రీల గీత. టార్గెట్ల వెనకున్న మట్టికట్టకి ఎదురుగా నిలబడి రెండు చేతులూ పక్కలకి చాపితే అది గీత. గొట్టం మూతి ఆ గీత దాటి వెనక్కి తిరగకూడదు. లోడ్ అయి ఉన్నా లేకపోయినా ఒకటే.

ఆ రోజు మూడో స్టేజ్ కుడిచివర కిటికీ దగ్గర మొదలు. అక్కడ నాలుగు టార్గెట్లు కొట్టి, ఎడమచివరకి అయిదారు గజాలు పరిగెత్తుతూ దారిలో రీలోడ్ చేయాలి. నాది కుడిచేతి వాటం. ఎడమకి పరిగెత్తితే ఒళ్ళు ఎడమకి తిరుగుతుంది. మ్యాగజైన్ మార్చడానికి పిస్టల్‌ని దగ్గరికి లాక్కుంటే గొట్టం మామూలుగానే ఇంకాస్త ఎడమకి వాలుతుంది. ఆ రెండూ కలిస్తే అది చూసేది వెనక నిలబడ్డ జనాన్ని. వాక్‌త్రూలో, అంటే ముందుగా స్టేజ్ అంతా నడిచి చూసుకోవడానికి, ఇచ్చిన అయిదు నిమిషాల్లో ఎన్ని అడుగులు, ఎక్కడ ఆగాలి, ఏది ముందు అని అన్నీ లెక్క వేసుకున్నాను. చేతిలో పిస్టల్ లేకుండా వేసుకున్న లెక్క అది.

బీప్. నాలుగు టార్గెట్లు బాగా పడ్డాయి. పరుగు. కొత్త మ్యాగజైన్ సరిగ్గా దూరలేదు, కిందికి చూశాను.

"స్టాప్!"

నాకు చప్పుడు చెవిలో పడింది గానీ మాట బుర్రకి ఎక్కలేదు. రెండోసారి అరిచాడు. ఆగిపోయాను. తర్వాత ఆయన గొంతు ఎంత మెల్లగా మారిందంటే, చంటిపిల్లాడి చేతిలోంచి కత్తి తీసుకునేటప్పుడు మా అమ్మ మాట్లాడే గొంతులా ఉంది. వేలు బయట పెట్టు, గొట్టం ముందుకి తిప్పు, మ్యాగజైన్ తీయి, చూపించు, హోల్‌స్టర్. అంతా అయ్యాక పక్కకి తీసుకెళ్ళి, "నువ్వు నన్ను చూశావు. అంటే నువ్వు కాదు, నీ తుపాకీ" అన్నాడు. ట్యాబ్లెట్ మీద రాసి చూపించాడు. ఎన్ని డిగ్రీలు దాటానో అడిగాను, అలవాటు. ఆయన నవ్వలేదు.

వాదించాలనిపించింది, అబద్ధం చెప్పను. అర సెకను కూడా ఉండదు, పైగా చాంబర్‌లో తూటా ఉందిగానీ వేలు బయటే ఉంది. వెనక్కి తిరిగి చూస్తే అక్కడ కుర్చీలో ఆ పద్నాలుగేళ్ళ పిల్ల మ్యాగజైన్లు నింపుకుంటోంది, పక్కన వాళ్ళ నాన్న. ఇంకేం వాదిస్తాను.

పిస్టల్ సంచిలో పెట్టేసి, మ్యాచ్ అయ్యేదాకా స్టిక్కర్లు అంటించాను. వెంటనే ఇంటికెళ్ళిపోతే అలిగినట్టుంటుంది. మధ్యాహ్నం హోల్‌స్టర్ ఇచ్చిన పెద్దాయన నన్ను డెయిరీ క్వీన్ అనే ఐస్‌క్రీం షాపుకి తీసుకెళ్ళాడు, దాన్నీ పొట్టిగా డీక్యూ అంటారు. డీక్యూ అయినవాడు డీక్యూకి వెళ్ళాలట, ఇక్కడి షూటర్ల పాత జోకు. బిల్లు మాత్రం నాతోనే కట్టించాడు. తను రెండుసార్లు డీక్యూ అయ్యానని, రెండూ ఎడమకి పరిగెత్తుతూనే అని చెప్పాడు.

తర్వాతి వారం నీలంరంగు ప్లాస్టిక్ పిస్టల్ కొన్నాను. ఏమీ పేలదు, మ్యాగజైన్ కూడా ఎక్కదు. గొట్టం ఎటు తిరుగుతోందో చూసుకోవడానికి అది చాలు. రాత్రి భోజనాలయ్యాక హాల్లో ఫ్రిజ్ దగ్గర్నుంచి పూజగది దాకా ఎడమకి పరుగు, దారిలో ఉత్తుత్తి రీలోడ్. అసలు పిస్టల్, తూటాలు వేరే గదిలో, తాళాల్లో. సోఫాలో కూర్చుని సీరియల్ చూసే మా ఆవిడ మొదట్లో తల కూడా తిప్పేది కాదు. ఒకరోజు టీవీ మీంచి కళ్ళు తీయకుండానే "దాటింది" అంది.

"ఎక్కడ దాటింది?"

"పూజగది ముందు. ఇందాకటి నుంచీ మూడోసారి. నావైపే చూస్తోంది మీ గొట్టం."

మళ్ళీ ఫ్రిజ్ దగ్గరికి నడిచాను.