గులాబీ స్వెట్టరు కోసం చంద్రగిరి దాకా

ఒడిశాలో మా బరంపురం చలి ఒక చలి కాదు. డిసెంబరులో తెల్లవారుజామున ఒళ్లు కాస్త జిల్లుమంటుంది, తొమ్మిదయ్యేసరికి ఫ్యాను వెయ్యమని పిల్లల గొడవ. అయినా మా పెద్దదానికి స్వెట్టరు కావాలి. ఆరేళ్లది. క్లాసులో పక్కన కూర్చునే పిల్లకి గులాబీ రంగుది ఉందట, జేబుల మీద కుందేళ్లట. వారం రోజులు ఇంట్లో అదే పాట. శనివారం రాత్రి మావారు, "స్వెట్టర్లు అమ్మేది టిబెట్ వాళ్లే కదా, వాళ్ల ఊరే వెళ్లి కొనేద్దాం. పిల్లలకి షికారూ అవుతుంది" అన్నారు. ఆ స్వెట్టర్ల బజారు మా ఇంటి నుంచి నడిచి వెళ్లేంత దూరంలోనే పెడతారు. సంగతి తెలిసీ ఎవరం నోరెత్తలేదు. దసరా తర్వాత ఇంటిల్లిపాదీ కలిసి ఎక్కడికీ కదల్లేదు మరి.

ఆ టిబెట్ వాళ్ల ఊరు చంద్రగిరి, మాకు ఎనభై కిలోమీటర్ల పైమాట. సగం దారిలో తప్తపాణి వేడినీళ్లు. రెండూ ఒక్క రోజులో అని అనుకున్నాం. ఇంట్లో రెండున్నరేళ్ల మగపిల్లాడు ఉన్నప్పుడు ఇలాంటి లెక్కలు వెయ్యకూడదని నాకు తెలుసు, అయినా వేశాను.

తెల్లారి లేచేసరికి అత్తయ్య అరడజను గుడ్లు ఉడకబెట్టి, డబ్బా నిండా అటుకుల చుడువా కలిపి, నిమ్మకాయలు రెండు కొంగున కట్టుకుని కూర్చున్నారు. నిమ్మకాయలు ఘాట్ రోడ్డు కోసం. నేనేమో చిన్నాడికి గ్లాసెడు పాలు పట్టించాను, దారిలో ఆకలనకుండా. అత్తయ్య చూశారు, ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనలేదంటే తర్వాత అంటారని అర్థం.

దిగపహండిలో టిఫిను. మా గంజాం జిల్లా టిఫిను గురించి తెలియనివాళ్లకి ఒక మాట: ఇక్కడ ఉప్మా మీద చట్నీ కాదు, బఠాణీల ఘుగుని పోస్తారు. పెళ్లై వచ్చిన కొత్తలో నాకు ఏడుపొచ్చింది, ఇప్పుడు పుట్టింటికి వెళ్తే ఒట్టి ఉప్మా గొంతు దిగదు. పెద్దది కొట్టువాడితో ఒడియాలో "ఇంకొంచెం ఘుగుని" అని అడుగుతుంది, ఇటు తిరిగి "మామ్మా, నీకూ కావాలా?" అని తెలుగులో అడుగుతుంది, తమ్ముడిని మాత్రం రెండూ కలిపి తిడుతుంది. మావారి తాతగారు పుట్టినప్పుడు ఈ జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడింది. ఆయన పుట్టిన ఇల్లు కదలకుండానే రాష్ట్రం మారిపోయాడు. మా ఇంట్లో ఈ కథ పిల్లలకి రాజుగారి ఏడు చేపల కథలాగా కంఠతా వచ్చు.

దిగపహండి దాటాక కొండ మొదలవుతుంది. నాలుగో మలుపులో పాలు బయటికొచ్చాయి. నా చీర మీద, సీటు మీద, చుడువా డబ్బా మూత మీద కూడా. అప్పుడన్నారు అత్తయ్య: "ఘాటీకి ముందర పాలు పడతారేటమ్మా?" కారు పక్కకి ఆపి, నీళ్లతో కడిగి, నిమ్మకాయ గోటితో గిల్లి వాడి ముక్కు దగ్గర పెట్టాం. వాడికి పది నిమిషాల్లో తగ్గింది. కారుకి ఆ వారమంతా తగ్గలేదు. చిన్నపిల్లలతో కొండ ఎక్కేవాళ్లు బయల్దేరే ముందు పాలు మానిపించి, పొడిగా మరమరాలో బిస్కట్లో పెట్టండి, పావుగంటకోసారి గుక్కెడు నీళ్లు తాగించండి. ఒక జత బట్టలు డిక్కీలో కాకుండా చేతిసంచిలో ఉంచుకోండి. డిక్కీలో బట్టలు వెతకడానికి నేను పడ్డ పాట్లు లారీ డ్రైవర్లంతా చూశారు.

తప్తపాణి దగ్గర దిగగానే పెద్దది ముక్కు మూసుకుంది. "అమ్మా, ఎవరో కుళ్లిన గుడ్డు పగలగొట్టారు!" గంధకం వాసన. వాన నీరు రాళ్ల పగుళ్లలోంచి భూమి లోతుకి దిగి, అక్కడి వేడికి కాగి, గంధకం కలుపుకుని మళ్లీ పైకి తన్నుకొస్తుంది. అంత చెబితే దానికి పట్టదని, "భూమి లోపల పెద్ద పొయ్యి ఉంది, మన కాగులో నీళ్లలాగా అక్కడ కాగి పైకొస్తాయి" అన్నాను. "మరి కట్టెలెవరు పెడతారు?" అంది. తప్తమంటే వేడి, పాణి అంటే నీళ్లు, పేరులోనే ఉంది చూడమని మాట మార్చాను.

ఊట పక్కన అమ్మవారి గుడి, పసుపూ కుంకుమా. పిల్లలు లేనివాళ్లు మొక్కుకునే చోటు ఇది. మొక్కులు తీరినవాళ్లం ఆ మొక్కుల ఫలితాన్ని నీళ్లలో పడిపోకుండా చెరో చెయ్యి పట్టుకుని లాగుతున్నాం. ఊట దగ్గర నీళ్లు పిల్లల చేతులకి పనికిరావు, అంత వేడి. దూరంగా పారి కాస్త చల్లారినచోట మెట్టు మీద కూర్చోబెట్టి కాళ్లు ముంచాను. చిన్నాడు మొదట కెవ్వుమన్నాడు, తర్వాత తియ్యనన్నాడు. పాదాలు ఎర్రబడేదాకా ఆగకుండా తీసేశాను. వాడి ఏడుపుకి పక్కన స్నానం చేస్తున్న ముసలాయన లేచి వెళ్లిపోయాడు. అత్తయ్య మాత్రం మోకాళ్ల దాకా దిగి అరగంట కదల్లేదు. మోకాళ్ల నొప్పులకి డాక్టరు రాసిన మందు మీద లేని నమ్మకం ఆవిడకి ఈ నీళ్ల మీద ఉంది.

తర్వాత చెట్టు కింద గుడ్ల డబ్బా తెరిచారు. మూత తియ్యగానే పెద్దది లేచి దూరంగా పరుగెత్తింది. "ఇది కూడా ఆ పొయ్యి మీదే ఉడికిందా?" అట. రోజూ గుడ్డు తినే పిల్ల ఆ రోజే కాదు, ఇంకో నెల ముట్టలేదు. ఆరు గుడ్లూ మావారు తిన్నారు.

అక్కడి నుంచి గజపతి జిల్లా. 1992లో గంజాం నుంచి విడిపోయింది. పర్లాకిమిడి రాజా, ఒరిస్సాకి మొదటి ప్రధానమంత్రిగా (అప్పట్లో ముఖ్యమంత్రిని అలాగే అనేవారు) చేసిన కృష్ణచంద్ర గజపతి పేరు పెట్టారు. అడవి, సవర పల్లెలు, దారి పక్కన ఆరబోసిన పసుపు. ఆ గంట ప్రయాణం గురించి నాకు తెలిసింది అంతే, ఎందుకంటే నా ఒళ్లో ఒకడు, భుజం మీద ఒకతి నిద్ర, నాకు కదలడానికి వీల్లేదు.

చంద్రగిరిలో ముందు కనిపించేవి జెండాలు. ఇంటికీ ఇంటికీ మధ్య తాళ్లు కట్టి నీలం, తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ, పసుపు గుడ్డలు. "బట్టలారేశారు" అన్నాడు చిన్నాడు. 1959లో దలైలామా మన దేశానికి వచ్చాక వెనక వచ్చినవాళ్లలో కొందరికి 1963లో ఇక్కడ భూమి ఇచ్చారు. ఐదు క్యాంపులు. మొక్కజొన్న వేస్తారు, మేం వెళ్లేసరికి కోత అయిపోయి మోళ్లు మిగిలాయి. జిరంగ్‌లోని పెద్ద మఠం, పద్మసంభవ మహావిహారం, 2010 జనవరిలో దలైలామా వచ్చి ప్రారంభించింది. ఫోటోల్లో చూసినదాని కంటే పెద్దది. లోపల బుద్ధుడి విగ్రహం ముందు నిలబడి నేను తల ఎత్తి చూస్తుంటే, పిల్లలిద్దరూ నేల మీద రంగుల చాపల అంచులు లెక్కపెడుతున్నారు. వాళ్ల ఎత్తుకి బుద్ధుడు కనిపించడు, పీఠం కనిపిస్తుంది.

వాళ్లకి నచ్చింది వేరే. వరసగా నిలబెట్టిన ప్రార్థనా చక్రాలు. గుండ్రటి డబ్బాల్లాంటివి, లోపల మంత్రం రాసిన కాగితం చుట్టలు చుట్టి ఉంటాయట. ఒక్కసారి తిప్పితే లోపలున్న మంత్రాలన్నీ చదివినట్టే. కుడివైపుగా నడుస్తూ, మన ప్రదక్షిణలాగే తిప్పాలి. పెద్దదానికి అడుగు అంచు అందుతుంది. చిన్నాడికి అందదు. వాడిని చంకలో ఎత్తుకుని ఒక్కో చక్రం దగ్గర ఆగుతూ వెళ్లాను. వాడు రెండు చేతులతో తట్టి, అది ఆగేదాకా చూసి, "మల్లీ" అనేవాడు. ఒక వరస అయ్యేసరికి నా నడుం పోయింది. వాడు రెండో వరస చూపించాడు. వెనకే వచ్చిన ఎర్ర బట్టల కుర్ర సన్యాసి ఒకడు, పన్నెండేళ్లుంటాయేమో, వాడికి చేతులు చాచాడు. కొత్తవాళ్లని చూస్తే ఏడ్చేవాడు టక్కున వెళ్లిపోయాడు. మిగతా చక్రాలన్నీ వాళ్లిద్దరే తిప్పారు. నేను మెట్ల మీద కూలబడ్డాను.

ఇక స్వెట్టరు.

క్యాంపులో సగం ఇళ్లకి తాళాలు. ఒక ఇంటి అరుగు మీద ముసలావిడ, చారల ఏప్రన్ కట్టుకుని జపమాల తిప్పుతోంది, కాళ్ల దగ్గర బొచ్చుకుక్క. కుక్కని చూసి పిల్లలు ఆగిపోయారు, పిల్లల వల్ల మేం ఆగాం. "ఆసొ, బొసొ" అంది ఆవిడ ఒడియాలో, రండి కూర్చోండి అని. అత్తయ్య కూర్చున్నారు. టెక్కలి నుంచి కోడలిగా వచ్చి నలభై ఏళ్లయినా అత్తయ్య ఒడియాలో తెలుగు దీర్ఘాలు పోలేదు. ముసలావిడ ఒడియాలో ఇంకేదో ఊపు. ఒకరిది ఒకరికి అర్థం కానప్పుడు మా పెద్దది మధ్యలో దిద్దుతోంది, టీచరమ్మలా. ఈ ఊరు వచ్చేసరికి తను ఇంత ఉన్నానని చిన్నాడి తల మీద చెయ్యి పెట్టి చూపించింది ఆవిడ.

స్వెట్టర్లు ఎక్కడ దొరుకుతాయని అడిగాం. ఆవిడ నవ్వడం మొదలుపెట్టింది. కార్తీకం వచ్చిందంటే ఊళ్లో వయసువాళ్లంతా మూటలు కట్టుకుని మైదానాలకి దిగిపోతారట, సంక్రాంతి దాటాకే మళ్లీ ఇల్లు. సరుకంతా అక్కడే. తను కూడా ముప్పై ఏళ్లు వెళ్లిందట. ఎక్కడికని అడిగితే, ఒడియా ఆపేసి ఉన్నట్టుండి తెలుగులో అంది: "సీకాకులం. ఇజీనారం." అని ఊరుకోలేదు. "రా అక్కా రా. రంగు పోదు. ఆఖరి మాట. సరే, నీ మాట."

అత్తయ్య చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నారు. ముసలావిడకి వచ్చిన తెలుగు మొత్తం అదే, ఒక్క అక్షరం ఎక్కువ లేదు, తక్కువ లేదు. "టెక్కలి వచ్చీదానివేటి?" అని అడిగారు అత్తయ్య. టెక్కలి పేరు ఆవిడకి గుర్తులేదు. అయినా అత్తయ్య వదల్లేదు. పెళ్లికి ముందు ఒక చలికాలం తన తల్లి కొన్న మెరూన్ స్వెట్టరు గురించి, దాని బొత్తాల గురించి చెప్పుకొచ్చారు. బహుశా ఆవిడ అమ్మింది కాకపోవచ్చు. ఆ బహుశా వాళ్లిద్దరికీ అక్కర్లేకపోయింది.

లోపలికి వెళ్లి ఉప్పు వేసిన వెన్న టీ తెచ్చింది. మర్యాదకి నేను సగం తాగాను. మావారు చక్కగా తాగి ఇంకో కప్పు అడిగారు, గుడ్ల దాహం కాబోలు. పెద్దది ఒక గుక్క తాగి, "అమ్మా, ఇది చారు" అంది తెలుగులో, మెల్లగా.

లేచేటప్పుడు ముసలావిడ పెద్దదాని బుగ్గ పట్టుకుని, "ఏ ఊరు మీది?" అంది. బరంపురం అన్నాం. మళ్లీ నవ్వు. "నానీ, నా కోడలు బరంపురంలోనే కూర్చుంది కదా! ఎడమ వైపు మూడో కొట్టు." ఒడియాలో నానీ అంటే అక్క. ఎనభై కిలోమీటర్లు కొండెక్కి వచ్చి మా వీధి చిరునామా తెలుసుకున్నాం. పెద్దది ఏడుస్తుందనుకున్నాను. అది కుక్క మెడ కావిలించుకుని ఉంది, స్వెట్టరు మాట దానికి గుర్తే లేదు.

తిరుగు ప్రయాణంలో పాలు లేవు, వాంతులు లేవు. చిన్నాడు దారి పొడుగునా నీళ్ల సీసా మూత కుడివైపుకే తిప్పుతూ వచ్చాడు. అది బిగుసుకుపోయి దిగపహండి దాకా ఎవరికీ రాలేదు.

మర్నాడు సాయంత్రం ఎడమ వైపు మూడో కొట్టుకి వెళ్లాం. "మీ అత్తగారి చేతి టీ తాగొచ్చాం" అన్నారు అత్తయ్య. ఆ అమ్మాయి ముందు నమ్మలేదు, మా పెద్దది కుక్క గురించి చెప్పాక నమ్మింది. గులాబీది తీసింది. కుందేళ్లు లేవు, చెర్రీ పళ్లున్నాయి. "రంగు పోదు" అంది, అదే రాగంలో. అత్తయ్యా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. బేరం అత్తయ్యే ఆడారు, ఈసారి కొంచెం మొహమాటపడుతూ. పెద్దదానికి సరిగ్గా సరిపోయేది పక్కన పెట్టించి, చేతులు నాలుగు వేళ్లు పొడుగున్నది తీయించారు, వచ్చే ఏడాదికి కూడా వస్తుందని.