రోజూ 'తర్వాత' అనే నాన్న

సంక్రాంతికి ఊరెళ్లి నాన్న కంప్యూటర్ తెరిస్తే, అప్‌డేట్ చేయమని మూలన ఒక సందేశం. ఎన్నాళ్లుగా ఉందో! "అది రోజూ అడుగుతుందిరా, నేను రోజూ 'తర్వాత' అంటాను" అన్నారు, అప్పులవాణ్ణి గుమ్మం దగ్గరే తిప్పి పంపినంత ధీమాగా. ఆయన భయం వేరు. 'అను' అనే తెలుగు ఫాంట్లలో టైపు చేసుకున్న పద్యాలు పోతాయని.

2017 మేలో ఫైళ్లకు తాళం వేసి డబ్బులడిగిన వానాక్రై అనే వైరస్ సంగతి చెప్పాను. దాన్ని అడ్డుకునే అప్‌డేట్ అంతకు రెండు నెలల ముందే, మార్చిలోనే వచ్చింది. వేసుకోనివాళ్లు దొరికిపోయారు. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కంప్యూటర్లు కూడా.

"పోలీసులవి కూడానా?" కుర్చీ దగ్గరికి లాక్కున్నారు నాన్న.

ముందు పద్యాలన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, దాన్ని తీసి బీరువాలో పెట్టాం. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తోనే ముగిసింది. అదృష్టం కొద్దీ యంత్రం సరిపోయింది, 11కు మార్చాను. మూడు గంటలు! శాతం అంకె కదిలినప్పుడల్లా నాన్న వచ్చి, చూసి, వెళ్లారు. (మానిటర్‌కు అంటించిన పాస్‌వర్డు చీటీ మాత్రం పీకనివ్వలేదు. అది వచ్చే పండక్కి.)

రాత్రి పద్యాల ఫైలు చక్కగా తెరుచుకుంది. కళ్లజోడు సవరించుకుని చదివి, మొదటి పాదంలోనే యతి తప్పిందని విసుక్కున్నారు.